గ్యాప్ గ్రాఫుతో పాటు ఉష్ణోగ్రత కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఇనుము ఆధారిత సూపర్ కండక్టర్ల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు ప్రవహించే పదార్థాల) గురించి సైన్స్ పేజీలో వార్త వస్తే, పక్కన తరచూ కనిపించేది మధ్యలో గుంట పడిన గ్రాఫు (ఎలక్ట్రాన్లకు స్థానం లేని శక్తుల మేర, అంటే గ్యాప్, ఆ గుంటే), లేదంటే సున్నా వోల్టేజి దగ్గర నిలబడ్డ సన్నని శిఖరం. ఆ గ్రాఫును ఎంత చలిలో, ఎలాంటి ఉపరితలం మీద తీశారో మాత్రం ఉండదు. ఈ కొలతలు చేసేవాళ్లుగా ఆ వివరాలు కూడా అచ్చు వేయమని కోరుతున్నాం.

జపాన్ శాస్త్రవేత్త హోసోనో బృందం 2008లో లాంథనమ్, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఉన్న పదార్థానికి ఫ్లోరిన్ కలిపి 26 కెల్విన్ దగ్గర సూపర్ కండక్టివిటీ చూపింది. వీటిలో ఎలక్ట్రాన్లు ఎలా జతకడుతున్నాయో తేల్చడానికి టనెలింగ్ స్పెక్ట్రోస్కోపీ మంచి సాధనం. లోహపు మొనను స్ఫటికానికి ఒక నానోమీటరు లోపు దూరంలో నిలిపి (ఆ ఖాళీని ఎలక్ట్రాన్లు దాటడమే టనెలింగ్), మొన ఎత్తును సర్దే ఫీడ్‌బ్యాక్ ఆపి, వోల్టేజి మారుస్తుంటే కరెంటు ఎంత మారుతోందో లాక్-ఇన్ ఆంప్లిఫయర్‌తో (చిన్న ఏసీ వోల్టేజి కలిపి, దానికి వచ్చే స్పందనను మాత్రమే ఏరే పరికరంతో) కొలుస్తాం.

చిక్కంతా చలి దగ్గరే. ద్రవ హీలియం ఉష్ణోగ్రత 4.2 కెల్విన్ దగ్గర గ్రాఫు దాదాపు 1.3 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది శక్తి కొలమానం) మేర అలుక్కుపోతుంది. ఐరన్ టెల్లూరియం సెలీనైడ్ అనే ఇనుప సూపర్ కండక్టర్‌లో గ్యాపే 2 దరిదాపుల్లో ఉంటే ఇక అందులో ఏం కనిపిస్తుంది? 0.4 కెల్విన్‌కు దిగితే ఆ మసక 0.12కు తగ్గుతుంది. అంత చలిలోనూ లాక్-ఇన్ కోసం 0.5 మిల్లీవోల్టుల ఏసీ కలిపితే 1.2కు పైగా మసక తిరిగొస్తుంది. వైర్ల గుండా రేడియో తరంగాల రొద దిగితే, థర్మామీటరు చూపేదానికన్నా ఎలక్ట్రాన్లు వేడిగా ఉంటాయి. అందుకే ముందు అల్యూమినియం లాంటి తెలిసిన సూపర్ కండక్టర్ గ్యాపును కొలిచి సరిచూసుకోవాలి.

గ్రాఫులోని సున్నా వోల్టేజినీ ఊరికే నమ్మకూడదు. కరెంటు సంకేతాన్ని పెంచే ప్రీఆంప్లిఫయర్‌లోని చిన్న స్థిర తేడా (ఆఫ్‌సెట్) వల్ల అది కొద్దిగా జరుగుతుంది. మొన ఎత్తు మార్చి నాలుగైదు కరెంటు-వోల్టేజి గీతలు తీస్తే అన్నీ ఒకేచోట ఖండించుకుంటాయి, అసలు సున్నా అదే.

ఉపరితలం సంగతీ అంతే ముఖ్యం. స్ఫటికం మీద చిన్న కడ్డీని సిల్వర్ ఎపాక్సీతో అతికించి, అత్యధిక శూన్యంలో, చలిలో దాన్ని కొట్టి పొర ఊడదీస్తాం. లిథియం ఐరన్ ఆర్సెనైడ్ రెండు లిథియం పొరల మధ్య చీలుతుంది, రెండు వైపులా సమానంగా మిగులుతుంది. గాలి తగిలితే మాత్రం పాడవుతుంది, అతికించే పని కూడా ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సులోనే జరగాలి. బేరియం ఐరన్ ఆర్సెనైడ్ రకంలో మధ్య ఉన్న బేరియం పొర ఒక్కటే. అది చెరి సగం పోయి, మిగిలిన పరమాణువులు కొత్త వరసలో సర్దుకుంటాయి. అక్కడ తీసిన గ్రాఫు స్ఫటికం లోపలి సంగతి చెబుతోందని వెంటనే అనేయలేం.

సుడుల్లో (అయస్కాంత క్షేత్రం సూపర్ కండక్టర్‌లోకి చొరబడే సన్నని గొట్టాల్లాంటి చోట్లలో) మేజొరానా స్థితి (తనకు తానే ప్రతికణంలా ఉండే, సున్నా దగ్గర శిఖరంగా కనిపిస్తుందని ఆశించే స్థితి) కనిపించిందనే వార్తల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. స్ఫటికం మధ్యలో ఇరుక్కున్న అదనపు ఇనుప పరమాణువు కూడా, అయస్కాంత క్షేత్రం లేకుండానే, సున్నా దగ్గర శిఖరాన్ని ఇస్తుంది. కాబట్టి క్షేత్రం తీసేసి అదే చోట మళ్లీ కొలవాలి. సుడిలో మామూలుగా ఉండే స్థాయిలు సైతం 4.2 కెల్విన్ దగ్గర కలిసిపోయి ఒకే శిఖరంలా కనిపించగలవు. పైగా ఐరన్ టెల్లూరియం సెలీనైడ్‌లో సున్నా శిఖరం అన్ని సుడుల్లోనూ ఉండదు. ఎన్ని సుడులు చూశారు, ఎన్నింట్లో కనిపించింది అన్న రెండు అంకెలనూ వార్తలో చేర్చండి.

ఇట్లు,
టనెలింగ్ స్పెక్ట్రోస్కోపీ పరిశోధకులు