బాపు సంతకం బాపే పెట్టాలి

హనుమకొండ

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అందింది. బాపుకు బైపాస్‌తో పాటు గుండె వాల్వు కూడా మార్చాలన్నారని చదివి మనసు కలుక్కుమంది. ‘చెబితే భయపడతాడు, ఆయనకు తెలియకుండా నేనే సంతకం పెడితే సరిపోదా’ అని అడిగావు. సరిపోదు సత్యం. స్పృహలో ఉండి, తన మంచిచెడ్డలు తాను ఆలోచించుకోగలిగిన మనిషికి ఆపరేషన్ చేయాలంటే ఆయన ఒప్పుకోవాలి. కన్నకొడుకువైనా ఆ అధికారం నీకు లేదు.

2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో ఈ సంగతే తేల్చింది. ఆమె ల్యాప్రోస్కోపీ పరీక్షకు (చిన్న కోత ద్వారా కెమెరా పంపి కడుపు లోపల చూసేది) ఒప్పుకొని మత్తులో ఉండగా, బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకొని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ క్షణాన ప్రాణాపాయం లేదు కనుక తల్లి సమ్మతి చెల్లదని కోర్టు చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డాక్టరు మేలు కోరే చేశారని కోర్టు భావించినా, పోయినదాని ముందు ఆ మొత్తం నాకు చాలా తక్కువగా తోస్తుంది. రోగి స్పృహలో లేక, ప్రాణం మీదికి వచ్చి, ఆగే వీలు లేనప్పుడు మాత్రం డాక్టరు సమ్మతి కోసం ఎదురుచూడనక్కరలేదు.

ఆపరేషన్ ఏమిటి, ఎందుకు, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే దారి ఉందా, వద్దనుకుంటే ఏమవుతుంది అన్నవన్నీ డాక్టరు ముందే చెప్పాలని అదే తీర్పులో ఉంది. బాపు విషయంలో ఇది ఎంత అవసరమో చూడు. లోహపు వాల్వు పెడితే బతికినన్నాళ్లూ రక్తం పలుచబడే మందు వేసుకుంటూ, తరచూ రక్తపరీక్షకు ఊరి నుంచి వరంగల్ రావాలి. జంతు కణజాలంతో చేసిన వాల్వు అయితే ఆ బాధ తక్కువే గానీ, కొన్నేళ్లకు అరిగిపోయి మళ్లీ ఆపరేషన్ పడవచ్చు. పొలం పనిలో ఎప్పుడూ ఏదో ఒక గాయం చేసుకొనే మనిషికి ఏది నయమో డాక్టరుతో మాట్లాడి ఆయనే తేల్చుకోవాలి. అది నువ్వూ నేనూ తేల్చేది కాదు.

ఆపరేషన్ పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంచి, కింద పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టిన ఇంగ్లీషు ఫారాలు మా ఆఫీసుకు వచ్చే కేసు కాగితాల్లో ఎన్నో చూశాను. అలాంటి దాని మీద బాపును సంతకం పెట్టనివ్వకు. తెలుగులో చదివి వినిపించమను, ఖాళీలు నింపించు, మత్తు డాక్టరును కూడా విడిగా అడుగు. అడిగిన 72 గంటల్లో కేస్ షీటు నకలు ఇవ్వాలని 2002 నాటి వైద్య నిబంధనల్లో ఉంది, ఇప్పుడే తీసిపెట్టుకో.

ఆదివారం నేను వస్తాను. ఆ లోపు బాపుకు విషయం నువ్వే చెప్పు, ఆయన అడిగేవన్నీ ఒక కాగితం మీద రాసిపెట్టు. మనం ముగ్గురం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్దాం.

నీ
రవి