వార్షిక నివేదిక 2023–24: పండుగలూ, ఫుట్‌బాల్ శనివారాలూ

సభ్యులందరికీ క్రోధి నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు.

అమెరికాలోని యాన్ ఆర్బర్‌లో తెలుగు సంఘం నడపాలంటే ఒక చేతిలో పంచాంగం, ఇంకో చేతిలో ఈ ఊళ్లోని మిషిగన్ యూనివర్సిటీ జట్టు అమెరికన్ ఫుట్‌బాల్ షెడ్యూలు ఉండాలి. మనకు అందరూ కలిసేందుకు వీలయ్యేది శనివారం, ఆటలూ శనివారమే. 1,07,601 మంది పట్టే స్టేడియం నిండిందంటే ఊళ్లో కారు పెట్టడానికి చోటుండదు. పైగా ఈ ఏడాది జట్టు ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి, 1997 తర్వాత మళ్లీ జాతీయ విజేత అయింది. ఇక మన కార్యక్రమాల సంగతి చెప్పాలా!

సెప్టెంబర్ 23న మధ్యాహ్నం రట్గర్స్ యూనివర్సిటీ జట్టుతో ఆట ఉండటంతో వినాయక పూజ సాయంత్రానికి మార్చాం. బతుకమ్మ ఇబ్బంది లేకుండా జరిగింది.

దీపావళి వేడుక నవంబర్ 11న. అదే రోజు పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్‌తో మ్యాచ్. ఎదుటి జట్ల సైగలను దొంగచాటుగా సేకరించారన్న వివాదంలో మన జట్టు కోచ్ జిమ్ హార్బాను మూడు మ్యాచ్‌లకు మైదానానికి రావద్దని, మన జట్టు ఆడే యూనివర్సిటీల లీగ్ బిగ్ టెన్ అంతకుముందు రోజే ఆదేశించింది. ఆ శిక్ష న్యాయమా కాదా అన్న వాదన మన భోజనాల వరుసలో పులిహోర దగ్గర మొదలై పాయసం దాకా సాగింది. తాత్కాలిక కోచ్ షెరోన్ మూర్ జట్టు బంతి విసరడమే దాదాపు మానేసి, పరిగెత్తి పరిగెత్తి 24-15తో గెలిచింది. ఆయన టీవీలో కన్నీళ్లు పెట్టుకుంటుంటే, స్టేజీ మీద పిల్లల డాన్సుకు చప్పట్లు కొట్టాల్సిన నాన్నలు వరండాలో ఫోన్ల చుట్టూ మూగి ఉన్నారు. పిల్లల తల్లులు ఫిర్యాదు చేశారు, అది సబబే.

నవంబర్ 25న చిరకాల ప్రత్యర్థి ఒహాయో స్టేట్ జట్టు ఇక్కడికి వచ్చింది. ఆ రోజు ఏ కార్యక్రమమూ పెట్టలేదు. 30-24తో మన జట్టే గెలిచింది.

జనవరి 8న హ్యూస్టన్‌లో ఫైనల్. వాషింగ్టన్ యూనివర్సిటీపై 34-13తో గెలుపు. మన ఆటగాడు బ్లేక్ కోరమ్ బంతితో 134 గజాలు పరిగెత్తి, రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఆ రాత్రి సంక్రాంతి రిహార్సల్‌కు ఎవరూ రాలేదు. 13న సంక్రాంతి జరిపిన రోజే ఊళ్లో విజయోత్సవ ఊరేగింపు. ముగ్గుల పోటీలో ఒకరు యూనివర్సిటీ రంగులైన నీలం, పసుపుల్లో దాని గుర్తయిన పెద్ద ఎమ్ అక్షరం వేశారు. చుక్కల ముగ్గు కాదని న్యాయనిర్ణేతలు బహుమతి ఇవ్వలేదు.

2024 జనవరిలో హార్బా ప్రొఫెషనల్ జట్టు ఛార్జర్స్‌కు వెళ్లిపోయారు, ఆయన స్థానంలో మూరే కోచ్ అయ్యారు. ఇండియా క్యాలెండర్లలో 2024 వినాయక చవితి సెప్టెంబర్ 7, శనివారం. అదే రోజు టెక్సస్ జట్టు ఇక్కడికి వస్తోంది. అందుకే ఈసారి పూజకు ఊరి బయట, క్యాంటన్ వైపు హాలు చూస్తున్నాం. తెలిసిన హాలు ఉన్నవారు కార్యవర్గానికి చెప్పగలరు.