డౌరో లోయ నుంచి ఉత్తరం

పిన్యావ్, పోర్చుగల్

ప్రియమైన రఘూ,

హైదరాబాద్ శివార్లలో మీ నాన్నగారు పెంచిన అనాబ్-ఎ-షాహీ పందిళ్ల కింద తిరిగిన మనకు ద్రాక్షతోట అంటే చదునైన నేల, తలమీద ఆకుల కప్పు, కాలికింద చల్లటి మట్టి. ఇక్కడి డౌరో లోయలో పందిరి లేదు, చదును లేదు, నిజం చెప్పాలంటే మట్టి కూడా లేదు. నడుము ఎత్తు తీగలు కొండ అంచున, రాళ్ల మధ్యన నిలబడి ఉన్నాయి. పోర్ట్ అనే తియ్యటి, ఘాటైన వైన్ పుట్టేది ఈ తీగల నుంచే.

ఇక్కడి రాయి షిస్ట్. మన మార్కాపురం పలకలు గుర్తున్నాయా, ఇదీ అలాగే పొరలు పొరలుగా చీలుతుంది. అయితే ఇక్కడ చాలాచోట్ల ఆ పొరలు పడుకుని ఉండవు, దాదాపు నిటారుగా లేచి ఉంటాయి. ఆ చిన్న సంగతి మీదే ఈ ప్రాంతపు బతుకంతా ఆధారపడి ఉంది. నిన్న దారి కోసం తొలిచిన కొండ పక్కన ఆగి చూశాను. చిటికెన వేలంత వేరు ఒకటి రెండు పొరల నడుమ నలిగి, నాడాలా చదునై, నా తల ఎత్తు నుంచి పాదాల దాకా దిగి, ఇంకా కిందికి పోతూనే ఉంది. చలికాలపు వాననీరు ఆ సందుల్లోకే ఇంకుతుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలకు చేరినప్పుడు తీగను బతికించేది ఆ నీరే. చుట్టుపక్కల ఉన్న గ్రానైట్ అలా దారి ఇవ్వదు. అందుకే మేలైన తోటలు షిస్ట్ ఉన్నంత మేరకే పరుచుకున్నాయి.

పడమటన ఉన్న మరావ్ కొండలు అట్లాంటిక్ వానమబ్బులను అడ్డుకోవడం వల్ల లోయలో తూర్పుకు పోయేకొద్దీ వాన తగ్గుతుంది.

మట్టి లేదన్నాను కదా, ఉన్న కాస్త మట్టినీ మనుషులే చేసుకున్నారు. తరతరాలుగా గునపాలతో రాయిని పగలగొట్టి, పెద్ద ముక్కలతో కొండ వాలున మెట్లు మెట్లుగా గోడ కట్టి, చిన్న ముక్కలనూ పొడినీ గోడ వెనక నింపి, ఆ నింపిన దానిలో తీగ నాటారు. గోడకు సున్నం పెట్టరు. ఒక ముసలి మేస్త్రి గోడ బాగుచేస్తుంటే అరగంట నిలబడి చూశాను. ఆయన ప్రతి రాయినీ రెండు మూడుసార్లు తిప్పి చూసి, దాని వాలు కొండవైపు ఉండేలా కూర్చోబెట్టి, సందుల్లో చిన్న పలకలు దూర్చి బిగించాడు. సున్నం పెడితే వాననీరు వెనక నిలిచి గోడను తోసేస్తుంది, ఖాళీలుంటే నీరు బయటికి పోతుంది, గోడ నిలుస్తుంది. పొద్దుగూకిన చాలాసేపటికి కూడా ఆ గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంది.

1756లోనే అప్పటి పోర్చుగల్ మంత్రి పోంబాల్ మార్క్విస్ ఈ ప్రాంతానికి హద్దులు గీయించే పని మొదలుపెట్టి, తర్వాతి కొన్నేళ్లలో మూడు వందలకు పైగా గ్రానైట్ రాళ్లు పాతించాడు. ఇప్పటికీ ఒక్కో తోటకు నేల, వాలు, ఎత్తు, దిక్కు వంటివన్నీ లెక్కగట్టి మార్కులు వేస్తారు. రైతు ఏటా ఎంత పంటను పోర్ట్ వైన్‌కు ఇవ్వవచ్చన్నది ఆ మార్కులను బట్టే తేలుతుంది. నాకు ఈ పద్ధతి నచ్చింది. కొండకు పరీక్ష పెట్టడం సరైన పనే.

పందొమ్మిదో శతాబ్దంలో పేనుబంకకు దగ్గరి చుట్టమైన ఫిల్లాక్సెరా అనే పురుగు తీగల వేర్లను తినేసినప్పుడు చాలా మెట్లు పాడుబడ్డాయి. వాటిని ఇక్కడ 'మోర్టోరియో' అంటారు. కొన్నింట్లో ఇప్పుడు ఆలివ్ చెట్లు ఉన్నాయి, మిగతావాటిలో తుప్పలు. ఇటీవలి దశాబ్దాల్లో బుల్డోజర్లతో గోడలు లేని మెట్లు చెక్కుతున్నారు. పని సులువే, ఖర్చూ తక్కువే. కానీ ఆ మట్టిగట్లు చూస్తుంటే నాకు బాధ కలిగింది. 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన ఈ లోయకు ఆ రూపాన్ని ఇచ్చినవి రాతిగోడలే.

నాన్నగారిని అడిగి నాకు రాసి పంపు, మన తోటలో ఎంత లోతున రాయి తగిలేదో. ఆయన బావి తవ్వించినవాడు కదా, తప్పక గుర్తుండి ఉంటుంది.

నీ
మురళి