శ్లాబ్ వేసే ముందే అడగండి, మధ్య గదికి వెలుతురు ఎటు నుంచి వస్తుందని

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీల్లో అప్పుడప్పుడు ఇళ్ల ప్లాన్లు వేస్తుంటారు. నేను వాటిని వదలకుండా చూస్తాను. మాకు కొత్తగా ఇల్లు కట్టే ఆలోచన ఏమీ లేదు గానీ, కట్టుకున్న ఇంట్లోనే ఎనిమిదేళ్ల పాటు పట్టపగలు లైటు వేసుకుని బతికినదాన్ని, అందుకని ఏ ప్లాన్ కనబడినా కళ్లు ముందు మధ్య గది మీదికే పోతాయి. పూజగది ఎక్కడ, కారు ఎక్కడ, మెట్లు ఎటు తిరగాలి అన్నీ గీస్తారు. ఆ మధ్య గదికి వెలుతురు ఎటు నుంచి రావాలో మాత్రం చాలాసార్లు ఉండదు. దాని గురించే ఈ ఉత్తరం.

మాది గుంటూరు. 2009లో 120 గజాల్లో ఇల్లు కట్టుకున్నాం. 20 అడుగుల వెడల్పు, 54 అడుగుల పొడవు, తూర్పు ముఖం. ముందు హాలు, తర్వాత మధ్య గది, దాని వెనక వంటిల్లు, చివర బాత్రూము, ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లాగా. ఉత్తరం వైపు స్థలం అప్పటికి ఖాళీ, పిచ్చిచెట్లు తప్ప ఏమీ లేవు, కాబట్టి మధ్య గదికీ వంటింటికీ కిటికీలు అటే పెట్టించాం. మా గోడ సరిగ్గా హద్దు మీదే ఉంది. ఆ మాట మేస్త్రి అనలేదు, ప్లాన్ గీసినవాళ్లు అనలేదు, మాకూ తట్టలేదు. 2017లో పక్కవాళ్లు ఇల్లు మొదలుపెట్టి వాళ్లూ హద్దు మీదే గోడ లేపారు. వరస మీద వరస ఇటుక లేస్తుంటే కిటికీలో ఆకాశం రోజుకింత తగ్గిపోవడం నేను వంట చేసుకుంటూ చూశాను. చివరికి కిటికీ రెక్క తెరిస్తే అది సగంలోనే వాళ్ల గోడకి తగిలి ఆగిపోయేది.

పక్కవాళ్లని నేను తప్పు పట్టను. వాళ్ల స్థలంలో వాళ్లు కట్టుకున్నారు, మేము చేసిన పనే వాళ్లూ చేశారు. అప్పట్లో కోపం కొద్దీ ఒక లాయరుగారిని అడిగాం. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఒకటుందట, ఒక కిటికీ ద్వారా 20 ఏళ్ల పాటు ఎవరి అడ్డూ లేకుండా వెలుతురు అనుభవిస్తే గానీ అది హక్కు కాదట. మాకు ఎనిమిదేళ్లే అయింది. ఖాళీ స్థలం వైపు కిటికీ పెట్టుకుని నిశ్చింతగా ఉన్న వాళ్లందరికీ ఈ 20 ఏళ్ల సంగతి తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. పక్క స్థలం ఖాళీగా ఉన్నంత కాలం ఆ వెలుతురు మనకి అరువు వచ్చినట్టే.

చీకటి గది అంటే ఏమిటో బయటి నుంచి వచ్చిపోయేవాళ్లకి తెలియదు. వాళ్లు ముందు హాల్లో కూర్చుని కాఫీ తాగి వెళ్తారు, హాలు బాగానే ఉంటుంది. మధ్య గదిలోనూ వంటింట్లోనూ రోజంతా ఉండేది ఇంటి ఆడవాళ్లు, పెద్దవాళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు. మా అత్తయ్యకి డెబ్బై ఆరేళ్లు. బియ్యంలో రాళ్లు ఏరాలంటే ట్యూబులైటు కింద కనబడక చాట పట్టుకుని వీధి గుమ్మం దాకా నడిచేవారు. "అమ్మాయ్, మా పెంకుటింట్లో నడింట్లో కూచునే ఏరేదాన్నే, డాబా ఇల్లయ్యాక వీధిలోకి రావాల్సి వచ్చింది" అనేవారు. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది. గాలివాన రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోతే సొంత ఇంట్లో సెల్‌ఫోన్ లైటు వేసుకుని అడుగు తీసి అడుగు వేసేవాళ్లం. ఒకసారి అలాగే ఆవిడ గడప తట్టుకుని పడ్డారు, ఎముక విరగలేదు గానీ నెల రోజులు మంచం మీదే ఉన్నారు.

కొందరు కరెంటు బిల్లు గురించి అంటారు. నిజానికి బిల్లు పెద్ద సంగతి కాదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులైటు రోజుకి 12 గంటలు వెలిగినా నెలకి ఏడు యూనిట్ల పైచిలుకే. ఇంకొందరు విటమిన్ డి అంటారు, అదీ కాదు, కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండతో ఒంట్లో విటమిన్ డి తయారవదు, దానికి ఆరుబయట ఎండలో ఉండాల్సిందే. నా బాధ వేరే. పొద్దు ఎంతయిందో తెలియకపోవడం, మబ్బు పట్టిందో ఎండ కాస్తోందో తెలియకపోవడం, బట్టల మీద మరక మరకో నీడో తెలియకపోవడం, పిల్లాడు లెక్కలు చేసుకుంటుంటే వాడి తల నీడే వాడి పుస్తకం మీద పడటం. మన ఒంట్లో ఒక గడియారం ఉంటుందనీ, అది వెలుతురుని బట్టే నిద్రనీ మెలకువనీ సరిచేసుకుంటుందనీ డాక్టర్లు చెబుతారు. ఆ గడియారం లోపల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. మా కిటికీలు మూసుకుపోయింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

మన పాతవాళ్లకి ఇవన్నీ తెలుసు. కోనసీమ మండువా ఇళ్లు చూడండి, నడిమధ్యలో ఆకాశం కనబడుతుంది, చుట్టూ ఉన్న గదులన్నిటికీ వెలుతురు ఆ నడుమ నుంచే. రాయలసీమ మట్టి మిద్దెల్లో కప్పుకి గవాచి, అంటే వెలుతురు కోసం వదిలిన కంత ఉండేది, వాన వస్తే దాని మీద మూత పెట్టేవాళ్లు. మా అత్తయ్య చెప్పిన పెంకుటింట్లో అయితే పెంకుల మధ్య ఒక అద్దం పెంకు, అంతే, ఒక్కటంటే ఒక్కటి, దాంతోనే నడిల్లంతా వెలుతురు. వాస్తులో కూడా ఇంటి నడిమి భాగాన్ని బ్రహ్మస్థానం అంటారు, దాన్ని తెరిచి ఉంచమంటారు. మేము ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూసిన పెద్దాయన సింహద్వారం అంగుళాలతో సహా కొలిచారు, నైరుతి మూల బరువు ఉండాలన్నారు, ఆ బ్రహ్మస్థానం మీద మాత్రం ఐదు అంగుళాల శ్లాబ్ పడుతుంటే ఎవరూ మాట్లాడలేదు.

కిందటేడు ఇక తట్టుకోలేక మధ్య గది శ్లాబ్ తెరిపించాం. మాకు పైన అంతస్తు లేదు కాబట్టి కుదిరింది. ఈ పని ఎలా చేశామో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మా వీధిలోనే నలుగురు వచ్చి అడిగారు.

ముందుగా ఒక ఇంజనీరుని పిలిచాం, దయచేసి ఈ మెట్టు ఎవరూ దాటేయకండి. బీములు ఎక్కడున్నాయి, శ్లాబ్‌లో అసలు బరువు మోసే చువ్వలు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాయి అన్నది చూడకుండా కోస్తే ఇల్లే ప్రమాదంలో పడుతుంది. ఆయన గుర్తు పెట్టిన చోట మూడడుగుల చదరం మిషన్‌తో కోశారు, సుత్తి దెబ్బలు వేయనివ్వలేదు, చుట్టూ ఇనుప ఫ్రేము బిగించారు. నేనైతే పైన ఒక అద్దం పరిచేస్తే చాలనుకున్నాను. ఆయన వద్దన్నారు. మన గుంటూరు దగ్గర మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడట, పడుకోబెట్టిన అద్దం కింద మే నెలలో గది పెనంలా కాలుతుందట. అందుకని డాబా మీద రెండడుగుల ఎత్తున పెట్టెలాగా గోడలు లేపి, పైన చిన్న కప్పు వేసి, ఉత్తరం వైపు మాత్రం నిలువుగా అద్దం పెట్టించారు. ఉత్తరం నుంచి ఎండ కాకుండా వెలుతురు వస్తుంది, పొద్దున్నించి సాయంత్రం దాకా పెద్దగా మారకుండా ఉంటుంది. ఆ మే, ఆగస్టు తేదీల మధ్య రోజుల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికే జరుగుతాడు కాబట్టి అద్దం పైన జానెడు సన్‌షేడ్ కూడా వేశారు. మామూలు అద్దం వద్దని పగిలినా ముక్కలు కింద పడని రకం వేయించారు, కింద గ్రిల్లు, పక్కగోడల్లో వేడిగాలి పోవడానికి చిన్న రెక్కలు, వాటికి దోమల జాలీ. పెట్టె లోపలంతా తెల్ల రంగు, గది సీలింగుకి కూడా. వంటింటి గుమ్మం పైన చెక్క తీయించి అద్దం వెంటిలేటర్ పెట్టించాం, దాంతో అటూ కొంత వెళ్తోంది. అన్నీ కలిపి మాకు 38 వేలు అయింది. మొదటి వానకి ఒక మూల రెండు చుక్కలు కారాయి, మళ్లీ వచ్చి అంచు సరిచేసి వెళ్లారు, తర్వాత కారలేదు.

పగలు ఇప్పుడు లైటు వేయడం లేదు. ఒక పెద్ద మబ్బు పోతే గది కాస్త మసకబడి మళ్లీ తేరుకుంటుంది, అది చూడటం నాకెంత సంతోషంగా ఉంటుందో రాయలేను.

అందరికీ శ్లాబ్ తెరిచే వీలుండదని తెలుసు. అద్దెకుండేవాళ్లకి చెప్పేదేమిటంటే ముందు కిటికీకి అడ్డం ఉన్న బీరువా జరపండి, నల్ల సన్‌ఫిల్మ్ అంటించి ఉంటే పీకేయండి, ఓనరు రంగులు వేయిస్తానంటే సీలింగుకి అచ్చం తెలుపే అడగండి, కిటికీకి ఎదురుగానో పక్కగోడకో ఒక పెద్ద అద్దం తగిలించండి. కిటికీ పైభాగం నుంచి వచ్చే వెలుతురే గదిలో లోపలి దాకా వెళ్తుంది, కాబట్టి కర్టెన్ రాడ్డు కిటికీ మధ్యలోకి కాకుండా పైకి కట్టండి. ఈ మధ్య అందరూ ఫాల్స్ సీలింగుతో పాత వెంటిలేటర్లు మూసేస్తున్నారు, ఆ తప్పు చేయకండి.

అపార్టుమెంట్ల వాళ్ల సంగతి వేరు. మా చెల్లెలి ఫ్లాట్‌లో ఒక బెడ్రూము కిటికీ డక్ట్‌లోకి తెరుచుకుంటుంది. ఐదంతస్తుల లోతున నాలుగడుగుల వెడల్పు బావి అది, పైపులు, పావురాల రెట్టలు, దానికి తోడు వాన పడుతోందని పైన ఫైబర్ రేకు కప్పేశారు. ఆ రేకు తీయించి వల కట్టించి, డక్ట్ గోడలకి పైనుంచి కిందదాకా తెల్ల రంగు వేయిస్తే కింది ఫ్లాట్లకి కూడా కొంత తేడా తెలిసింది. అసోసియేషన్ మీటింగులో దీనికి ఒప్పించడానికే వాళ్లకి ఏడాది పట్టింది.

రేకుల ఇళ్లలో ఉండేవాళ్లకి ఇంకా సులువు, సిమెంటు రేకుల మధ్య ఒకటి వెలుగొచ్చే ఫైబర్ రేకు వేసుకోవచ్చు. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ఒక ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, కాస్త బ్లీచింగ్ ద్రవం పోసి ఇంటి కప్పులో బిగించాడు. సగం బయట, సగం లోపల. పగటిపూట దాని వెలుతురు 40, 60 వాట్ల పాత బల్బుకి సమానమట, తర్వాత ఫిలిప్పీన్స్‌లో పేదల ఇళ్లలో చాలా చోట్ల పెట్టారు.

ఇక అసలు నేను అడగదలుచుకున్నది. నిబంధనలు లేక కాదు ఇదంతా. 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో స్పష్టంగా ఉంది, మన కోస్తా లాంటి ఉక్క ప్రాంతాల్లో కిటికీలు గది నేలలో ఆరో వంతు ఉండాలి, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు. అంటే పదికి పన్నెండడుగుల గదికి మా దగ్గర ఇరవై చదరపు అడుగుల కిటికీ, నాలుగు అడుగులకి ఐదు అడుగులది. కిటికీకి 7.5 మీటర్లు దాటిన భాగానికి వెలుతురు ఉన్నట్టు లెక్కేయకూడదు అని కూడా ఉంది. కానీ ప్లాన్ పాస్ చేసేటప్పుడు ముందు ఎంత వదిలారు, పక్కన ఎంత వదిలారు, ఎన్ని అంతస్తులు అన్నవే చూస్తున్నారు తప్ప, ఆ కిటికీ తెరుచుకునేది మన జాగాలోకా, రేపు గోడ లేచే పక్కవాడి జాగాలోకా అని ఎవరూ అడగడం లేదు. ఈ ఒక్క ప్రశ్న ప్లాన్ కాగితం మీద చేరిస్తే చాలు. పేదలకి ఒక సెంటు అంటే 48 గజాల స్థలాలిచ్చి కాలనీలు కట్టారు, అక్కడ ఈ ప్రశ్న ఇంకా ముందు అడగాల్సింది, ఎందుకంటే రేపు వాళ్లు పైన ఒక గది వేసుకుంటే కింది గదికి గవాచి పెట్టే దారి కూడా ఉండదు.

శ్లాబ్ పోయక ముందు సెంట్రింగ్ దశలోనే మూడడుగుల జాగా వదిలేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మేము 2009లో అడిగి ఉంటే మేస్త్రి ఒక్క పూటలో చేసేవాడు.

మీకు నా విన్నపం ఒకటే. ఇకమీదట మీ పేజీలో ఇంటి ప్లాన్ వేసినప్పుడు ఉత్తరం ఎటో గుర్తు వేయండి, చుట్టూ నాలుగు వైపులా గోడలు లేచిపోయాయనుకుని అప్పుడు ఏ గదికి వెలుతురు మిగులుతుందో కింద రెండు ముక్కలు రాయించండి. వీలైతే కట్టేసిన ఇళ్లని సరిచేసుకునేవాళ్ల కోసం ఒక ఇంజనీరుగారితో పాఠకుల ప్రశ్నలకి జవాబులు ఇప్పించండి. మొదటి ప్రశ్న నాదే: వంటింట్లో పొయ్యి గట్టు వైపు ఇంకా చీకటిగానే ఉంది, దానికేం చేయొచ్చు?

ఇట్లు
ఒక పాఠకురాలు, గుంటూరు