ముగ్గేసే చెయ్యి

ఒరేయ్ రాంబాబూ,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయకపోవడం నా తప్పే, తర్వాత తిడుదువుగాని ముందు ఇది విను. దాళ్వా కోతలయ్యాయి, నాన్న బానే ఉన్నాడు, కొబ్బరికాయ ధర మాత్రం అడక్కు.

అక్కకి థైరాయిడ్ ఆపరేషనైంది. గుండెదడ, వణుకు, ఎంత తిన్నా చిక్కిపోవడం, నీకు తెలుసుగా. రెండేళ్ళు కార్బిమజోల్ మాత్రలు మింగినా లొంగక, కాకినాడలో గురువారం గ్రంథి మొత్తం తీసేశారు. శనివారం ఇంటికి పంపేశారు.

ఆదివారం పొద్దున్న "మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుందిరా" అంది. బెల్లం దొంగతనంగా తిన్నావా అని నవ్వాను, వెధవని. అరగంటకి కాఫీ గ్లాసు జారిపోయి, చెయ్యి అలాగే బిగుసుకుపోయింది. మణికట్టు వంగి, బొటనవేలు లోపలికి పోయి, వేళ్ళ కొసలన్నీ దగ్గరికొచ్చి, అచ్చం ముగ్గుపిండి చిటికెడు పట్టుకున్నట్టు! అమ్మ ఫిట్స్ అనుకుని తాళాలగుత్తి తెచ్చి ఆ చేతిలో కుక్కబోయింది, వేళ్ళు విడితే కదా. అక్కేమో పూర్తి స్పృహలో ఉండి "అమ్మా, అవి ఇంటివి కావు, కొట్టంవి" అంటోంది.

బావ కారు తీశాడు. ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి రెండో చెయ్యీ మొదలెట్టింది. గౌతమి దాటినప్పుడల్లా రూపాయి వేస్తుందిగా, ఆ రోజు "నువ్వెయ్యరా" అంది. అప్పుడు భయమేసింది రా నాకు.

కాకినాడ ఆస్పత్రిలో చిన్న డాక్టరమ్మ చెవి ముందు వేలితో తడితే మూతి కొస టక్కున ఎగిరింది. రక్తంలో కాల్షియం 6.4 ఉందట, 8.5 అయినా ఉండాలి. గుండెకి వైర్లు తగిలించి నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కించారు, తొందరపడితే గుండెకే ప్రమాదమట. కాసేపటికి వేళ్ళు ఒక్కోటే విడ్డాయి. థైరాయిడ్ వెనక కందిపప్పు బద్దంత గ్రంథులు నాలుగుంటాయట, కాల్షియం లెక్క వాటిదే. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగా అందకపోతే సొమ్మసిల్లుతాయి. పైగా ఇన్నాళ్ళూ ఆ జబ్బు ఎముకల్ని తోడేసింది కదా, గ్రంథి తీయగానే నెర్రెలిచ్చిన చేలోకి కాలవ వదిలినట్టు అవే కాల్షియం అంతా పీల్చేసుకుంటాయట. ఇదంతా డిశ్చార్జి కాగితం అడుగున ఇంగ్లీషులో ఉందిట! నోటితో ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? సరే, వదిలెయ్.

ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. పరగడుపున, తీసేసిన గ్రంథికి బదులు థైరాక్సిన్ మాత్ర, అది జీవితాంతం. నాలుగు గంటలు ఆగి కాల్షియం. అమ్మకి వంట కంటే ఈ లెక్కే ఎక్కువైంది.

గొంతే... రేవులోంచి కేకేస్తే లంకలో గేదెలు తలెత్తేవి కదరా. స్వరపేటిక నరం కందిందట, నెలలు పట్టొచ్చు అన్నారు. నిన్న నన్ను "సన్నాసీ" అని పిలిచిందిట, నాకు వినపడనే లేదు. నీ ఇస్త్రీపెట్టె పెళ్ళిచూపుల సంగతి గుర్తుచేస్తే నవ్వలేక కుట్లు పట్టుకుని, నిన్ను తిట్టమంది. తిట్టాను అనుకో.

ఇంకా మీ అన్నయ్య సంగతి... ఉండు, గ్లాసు మీద చెంచా మోగుతోంది. పిలవాలంటే ఇప్పుడదే. ఆయ్, వస్తున్నానే అక్కా