నీ ఐబుక్ బతికింది మామా

మామా,

ఎలా ఉన్నావ్ రా, చెల్లెమ్మ పిల్లలు బాగున్నారా. ఫోన్‌లో చెప్తే నవ్వేసి పెట్టేస్తావని ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు. పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద నీ తెల్ల ఐబుక్, ఆ పాత ఆపిల్ ల్యాప్‌టాప్, దొరికింది. అమెరికా పోతూ "ఉంచుకోరా" అని నా మొహాన కొట్టావే, అదే. అమ్మ అయితే పాత సామాన్లవాడికి వేసేద్దాం అంది, నేనేమో ఒక్కసారి చూద్దాం అని చార్జర్ పెట్టి బటన్ నొక్కా, ఆ పాత మ్యాక్ శబ్దం ఖంగుమని వచ్చింది, అంతే, నా వారం రోజులు గల్లంతు.

గుర్తుందా, 2005లో నువ్వు అది కొని నాలుగు నెలలు కాలేదు, జూన్‌లో స్టీవ్ జాబ్స్ స్టేజీ మీదికొచ్చి మ్యాకుల్లో పవర్‌పీసీ ప్రాసెసర్లు వదిలేసి ఇంటెల్‌కి పోతున్నాం అన్నాడు, నువ్వు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. 2007లో వచ్చిన లెపర్డే దానికి ఆఖరి మ్యాక్ ఓఎస్. జీ4 ప్రాసెసర్, 1.2 గిగాహెర్ట్జ్, బోర్డు మీద 256 ఎంబీ ర్యామ్. కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి ఒక జీబీ డీడీఆర్ ముక్క వెతికి తెచ్చి వేశా, దాని తాహతు అంతే, 1.25 జీబీ దాటదు.

ఇక మ్యాక్ ఓఎస్ బదులు లినక్స్ వేద్దామనుకున్నా. డెబియన్ అనే లినక్స్ రకంలో 32 బిట్ పవర్‌పీసీకి 8వ వెర్షన్ జెస్సీయే ఆఖరు, 2017లో స్ట్రెచ్ వచ్చేసరికి పీకేశారు. ఇప్పుడు పోర్ట్స్ అని ఒక పక్క వాకిట్లో కొంతమంది ఓపికున్నవాళ్లు నడుపుతున్నారు, అన్‌స్టేబుల్, అంటే ఇంకా తయారీలో ఉన్న వెర్షన్, ఒక్కటే దొరుకుతుంది. అదే దించా. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేద్దామని కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ నాలుగూ కలిపి నొక్కిపట్టి (రెండు చేతులూ చాలవు, మా బుడ్డోడి వేలు అరువు తీసుకున్నా) ఓపెన్ ఫర్మ్‌వేర్‌లోకి (ఓఎస్ కంటే ముందు లేచే మ్యాక్ లోపలి ప్రోగ్రాం) దూరా. తెల్ల స్క్రీన్ మీద 0 > అని నిలబడుతుంది, అంతే, ఇంకేం చెప్పదు. అక్కడ యూఎస్‌బీ ఏ పేరుతో ఉందో డివైస్ చెట్టంతా (లోపలి పరికరాల జాబితా) గాలించాలి, అర్ధరాత్రి దాటింది, నా వల్ల కాలేదు. పొద్దున లేచి బుద్ధిగా డిస్క్ రాసి, సి నొక్కిపట్టి ఆన్ చేశా. డ్రైవ్ నాలుగుసార్లు దగ్గి చదివింది.

ఇన్‌స్టాల్‌లో నా తెలివి చూడు. పార్టిషన్ల దగ్గర ఒక బుల్లి హెచ్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్ కనపడింది, ఇదేంటి దండగ అని డిలీట్ కొట్టేశా. ఓఎస్‌ని లేపే బూట్‌లోడర్ ఉండేదే అందులో అట! ఓపెన్ ఫర్మ్‌వేర్‌కి లినక్స్ వాడే ఎక్స్‌ట్4 గిక్స్‌ట్4 డిస్క్ పద్ధతులు ఏం తెలీదు, ఆపిల్ పార్టిషన్ మ్యాప్‌లో ఆ చిన్న గదిలోకి చూసి గ్రబ్ అనే బూట్‌లోడర్‌ని లేపుతుంది, పాత రోజుల్లో యాబూట్ అనేదాన్ని లేపేది. ఆన్ చేస్తే ఫోల్డర్ బొమ్మ మీద ప్రశ్నార్థకం మిణుకు మిణుకు. మళ్లీ మొదటి నుంచి.

రెండోసారి బూట్ అయింది, అక్షరాలు గబగబా పోయాయి, నల్లగా అయిపోయింది. చచ్చిందనుకున్నా గానీ లోపల డిస్క్ తిరుగుతూనే ఉంది. రేడియాన్ గ్రాఫిక్స్ గొడవ అది, ఈ మ్యాకుల్లో ఏజీపీ, అంటే గ్రాఫిక్స్ కార్డుకి డేటా వెళ్లే దారి, లినక్స్ డ్రైవర్‌తో సరిగ్గా కుదరదు. గ్రబ్ మెనూలో 'e' అక్షరం నొక్కి లినక్స్ లైను చివర రేడియాన్ డాట్ ఏజీపీమోడ్ ఈక్వల్స్ మైనస్ వన్ అని తగిలిస్తే కార్డుని పీసీఐ పద్ధతిలో నడుపుతుంది, వేగం తగ్గుతుంది గానీ స్క్రీన్ నిలబడుతుంది. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి రెండు సాయంత్రాలు పోయాయి రా.

వైఫై సంగతి మరీ కామెడీ. లోపల ఉన్నది బ్రాడ్‌కామ్ చిప్, బీ43 డ్రైవర్ ఉంది కానీ ఫర్మ్‌వేర్ నెట్ నుంచి దించుకోవాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టు. నయం, దీనికి ఈథర్‌నెట్ రంధ్రం ఉంది, రౌటర్ దగ్గరికి మోసుకెళ్లి కేబుల్ గుచ్చా. అప్పుడేమో ఆప్ట్ (డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ దించే కమాండ్), ఈ ఫైళ్లు ఇంకా చెల్లవు, టైమ్ రాలేదు అంటుంది. చూస్తే బ్యాటరీ పూర్తిగా పోయి తేదీ దశాబ్దాల వెనక ఉంది! తేదీ సరిచేస్తే నోరు మూసుకుని దించింది. వైఫై లేచాక కూడా మా నెట్‌వర్క్ కనపడదే, అది 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది, ఈ కార్డుకి 2.4 తప్ప తెలీదు. నువ్వెప్పుడైనా చేస్తే ముందు కేబుల్, తర్వాత తేదీ, ఆ తర్వాతే ఏదైనా.

అన్నట్టు, ఆఫీసులో సర్వర్ల మీద రోజూ యమ్ ఇన్‌స్టాల్ అని కొట్టేవాళ్లం కదా, ఆ పేరులో మొదటి అక్షరం వై, ఎల్లో డాగ్‌ది, అంటే ఈ పవర్‌పీసీ మ్యాకుల కోసమే వచ్చిన లినక్స్‌ది. అన్నేళ్లు వాడాం, ఒక్కరికీ తెలీదు.

ఇప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ నడుస్తోంది. రైట్ క్లిక్ లేదు, ఎఫ్12కి తగిలించుకున్నా. యూట్యూబ్ ఊసెత్తకు. బ్రౌజింగ్‌కి నెట్‌సర్ఫ్, డిల్లో అనే బుల్లి బ్రౌజర్లు, అవి కూడా సాదాసీదా పేజీలకే. కానీ ఒకటి విను, లెపర్డ్‌లో తెలుగు పేజీ తెరిస్తే అన్నీ డబ్బాలే వచ్చేవి, గుర్తుందా, నువ్వు తిట్టుకునేవాడివి. డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఒకటి వేశా, పోతన, వేమన రెండూ వచ్చేశాయి, ఒత్తులు గుణింతాలు చక్కగా కూర్చున్నాయి. ఈ ఉత్తరం దాని మీదే కొడుతున్నా, కీబోర్డులో ఎల్ మాత్రం గట్టిగా గుద్దాలి.

తుడిచేసే ముందు నీ ఫోల్డర్ కాపీ తీశాలే, కంగారు పడకు. 2006 ఫొటోలు, ఆ మీసాలు, అన్నీ భద్రం. చెల్లెమ్మకి పంపనా వద్దా అనేది నీ ప్రవర్తన మీద ఆధారపడి ఉంటుంది.

హార్డ్ డిస్క్ మాత్రం టిక్ టిక్ మంటోంది. వచ్చేటప్పుడు ఎంసాటా (చిన్న ఎస్‌ఎస్‌డీ) నుంచి 2.5 ఇంచుల ఐడీఈకి (ఈ పాత డిస్క్ కనెక్షన్) మార్చే అడాప్టర్ ఒకటి పట్టుకురా. డిస్క్ మార్చాలంటే ఈ ఐబుక్ మొత్తం విప్పాలి, బోలెడు స్క్రూలు, ఒక్కడివల్ల కాదు, నువ్వొచ్చాకే కూర్చుందాం.

నీ
మామ