మంత్రిగారూ, కాచిన నీళ్ల వేడిని సరస్సుపాలు చేయకండి

ఒంటారియో పర్యావరణ, పరిరక్షణ, పార్కుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. టొరంటోలో ఇరవై అంతస్తుల అపార్ట్‌మెంట్ల బాయిలర్ గదుల్లో పనిచేసే మనిషిని. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి పంపాను. ఈ ఊళ్లో మనవాళ్లు చాలామంది బేస్‌మెంట్లలో అద్దెకుంటారు, మురుగు పొంగితే ముందు తడిసేది వాళ్ల పరుపులే. అందుకే తెలుగులోనూ రాస్తున్నాను.

జనవరిలో బయట మైనస్ 15 ఉన్నా, రోడ్డు కింద పారే మురుగునీరు మామూలుగా 10 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. స్నానాలకూ గిన్నెలకూ బట్టలకూ మేం గ్యాస్ కాల్చి కాచిన నీళ్లే కదా అందులోకి దిగేవి. అది శుద్ధి కేంద్రానికి పోయి, శుభ్రపడి, మిగిలిన వేడితో సహా ఒంటారియో సరస్సులో కలుస్తుంది. మర్నాడు పొద్దున అదే సరస్సు నుంచి గడ్డకట్టేంత చల్లని నీళ్లు తెచ్చుకుని మళ్లీ మొదటి నుంచి కాచుకుంటాం.

ఆ వేడి ఎంతో లెక్క కష్టం కాదు. వెయ్యి లీటర్ల నీటిని ఒక్క డిగ్రీ చల్లార్చితే 1.16 యూనిట్ల వేడి వస్తుంది. మన ఊరి ఆష్‌బ్రిడ్జెస్ బే శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 8,18,000 ఘనపు మీటర్లు. రోజుకు 6 లక్షలే వస్తాయనుకుని, 3 డిగ్రీలే తీసుకుందాం అనుకున్నా రోజుకు 20 లక్షల యూనిట్లు దాటుతుంది. దాన్ని గదులు వెచ్చబెట్టే రేడియేటర్లకు పనికొచ్చే స్థాయికి పెంచడానికి హీట్ పంపులకు, అంటే చల్లని చోటి వేడిని లాగి వెచ్చని చోటికి చేర్చే యంత్రాలకు, కరెంటు కావాలి, నిజమే. కానీ ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి చేతికొస్తుంది. బొగ్గు కేంద్రాలను 2014 నాటికే మూసేసిన రాష్ట్రం మనది, కరెంటులో దాదాపు సగం అణు కేంద్రాలదే. ఈ పని ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ చేస్తారు?

ఇది ప్రయోగదశలో ఉన్న సంగతేం కాదు. స్టాక్‌హోమ్‌లో హమ్మర్బీ కేంద్రం 1986 నుంచి శుద్ధి చేసిన మురుగునీటి వేడితో ఇళ్లను వెచ్చబెడుతోంది. హెల్సింకీలో ఒక పార్కు కింద, రాతిని తొలిచి ఇలాంటిదే కట్టారు. వాంకూవర్ 2010 ఒలింపిక్స్ క్రీడాగ్రామానికి శుద్ధి చేయని మురుగు నుంచే వేడి తీసింది. మన ఊళ్లోనే టొరంటో వెస్టర్న్ ఆసుపత్రికి కావలసిన వేడిలో, చల్లదనంలో 90 శాతం దాకా పక్కనున్న పెద్ద మురుగు కాలువ నుంచే తెచ్చే పథకం తలపెట్టారు. ఇవన్నీ ఎవరికి వారు పూనుకుని చేసుకున్నవి. మీ శాఖ నుంచి కావలసింది మురుగు నుంచి వేడి తీయడంపై అందరికీ వర్తించే నియమం.

ఆ నియమంలో ఒక చిక్కు ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా మాట్లాడరు. శుద్ధి కేంద్రంలో మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులకు చలి పడదు. నీరు 10 డిగ్రీల కిందికి దిగేకొద్దీ వాటి పని మందగిస్తుంది, అమ్మోనియా సరస్సులోకి జారుతుంది, చేపలకది విషం. దారి పొడవునా ప్రతి భవనమూ తలా రెండు డిగ్రీలు లాగేసుకుంటే శుద్ధి కేంద్రానికి చేరేది చన్నీళ్లే. కాబట్టి పెద్ద ఎత్తున వేడి తీయాల్సింది శుద్ధి అయిపోయాక, సరస్సులోకి వదిలే ముందు. దారిలో తీసుకునేవాళ్లకు మాత్రం, కేంద్రంలోకి వచ్చే నీరు ఫలానా డిగ్రీల కన్నా తగ్గకూడదని అనుమతిపత్రంలోనే హద్దు రాయండి. హీట్ పంపులు అమ్మేవాళ్లు ఈ హద్దు పెట్టమని మిమ్మల్ని అడగరు.

నిజానికి ఆ నీటిని ఎక్కువగా చల్లార్చేది హీట్ పంపులు కావు, మంచు. టొరంటో పాత భాగాల్లో మురుగుకూ వాననీటికీ ఒకటే గొట్టం. మార్చిలో మంచు కరిగితే సున్నాకు దగ్గరగా ఉన్న నీరంతా అందులోకే పోతుంది. మురుగు చల్లబడుతుంది, పలచబడుతుంది, సూక్ష్మజీవులు నీరసిస్తాయి, గొట్టం నిండితే శుద్ధి కాని నీరు డాన్ నదిలోకి పొర్లుతుంది. 2024 జులై 16న కుండపోత వానకు డాన్ వ్యాలీ రోడ్డు మీద కార్లు మునిగాయి, అప్పుడూ ఈ కాలువల మాట నాలుగు రోజులు నలిగింది. ఆ పొర్లే నీటిని పట్టి ఉంచడానికి నగరం 22 కిలోమీటర్ల సొరంగాలు తవ్విస్తోంది. మంచి పనే. అయితే సొరంగం పట్టుకునేది అప్పటికే కలిసిపోయిన నీటిని. మంచునీటిని మొదట్లోనే విడదీస్తే నదీ బాగుపడుతుంది, వేడీ నిలుస్తుంది. అందుకే వేడి అమ్మితే వచ్చే రాబడిలో కొంత వాటాను గొట్టాలు విడదీసే పనికే ఖర్చుపెట్టాలని ఆ నియమంలో రాయండి. రోడ్డు తవ్వి పెద్ద గొట్టం మార్చే ప్రతిసారీ, అక్కడ వేడి తీసే వీలుందో లేదో చూశాకే పూడ్చాలని కూడా చేర్చండి. మళ్లీ తవ్వితే అయ్యే ఖర్చు ఆ పరిశీలనకయ్యే దానికి ఎన్నో రెట్లు.

బేస్‌మెంట్ల సంగతి. మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు పెట్టించుకుంటే నగరం సబ్సిడీ ఇస్తుంది, కాకపోతే ఇంటి యజమానికి. కింద ఉండే అద్దెదారు దరఖాస్తు చేయలేడు. పైన ఉండే యజమానికి తొందర లేదు. అద్దెదారు కోరితే వాల్వు పెట్టించి తీరాలనే నిబంధనకు గృహ నిర్మాణ శాఖతో మీరు మాట్లాడాలి.

మనవాళ్లకూ ఒక మాట. పండక్కి గారెలు వేయించిన నూనె సింకులో పోయకండి. చలికి అది గొట్టంలోనే గడ్డకడుతుంది, వేడి తీసే యంత్రాల పలకలకు అంటుకుంటుంది. చల్లారాక డబ్బాలో పోసి నగరం డ్రాపాఫ్ డిపోలో ఇవ్వండి.

మంత్రిగారూ, వచ్చే చలికాలానికి గొట్టాలు వేయమని అడగడం లేదు. శుద్ధి కేంద్రానికి వచ్చే నీటి ఉష్ణోగ్రత, బయటికి వెళ్లే నీటి ఉష్ణోగ్రత, రెండూ రోజువారీగా ప్రజలకు కనిపించేలా పెట్టించండి. ఆ అంకెలు చేతికొస్తే మిగతా లెక్కలు మాలాంటివాళ్లం వేసి పంపుతాం.

ఇట్లు,
టొరంటో నుంచి ఒక బాయిలర్ ఆపరేటర్